పాత యంత్రము – క్రొత్త పడుగు

(హయత్‌నగరమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



 విద్య, వివాహవ్యయములు, చేనేత సహకారసంఘములు మొదలగు విషయములను గుఱించి నాకంటె పెద్దలు, నాకంటె చక్కగా నిన్నటినుండి ప్రసంగించుచునే యున్నారు. నాకొసగబడిన విషయము చిన్నది; ఒక్క గదికి సంబంధించినది. మన విద్యార్థివసతిగృహమున మెట్లక్రింది గదిలో 19 పాత కంప్యూటర్లు మూడేండ్లుగా దుమ్ముపట్టి పడియుండెను. వానిని ఏమి చేయవలెనన్న ప్రశ్న గత సంవత్సరము కార్యనిర్వాహకవర్గమునకు వచ్చినది. ఆ ప్రశ్నకు మేము కనుగొనిన సమాధానమును, దానినిబట్టి నేడు సభవారు చేయదగిన తీర్మానమును విన్నవించుటయే నా యుద్దేశము.

పాత యినుము కొను వర్తకుడొకడు వచ్చి చూచి, అన్నింటిని కలిపి తూకముమీద 6,000 రూపాయలిచ్చెదననెను. కార్యవర్గమున చాలమంది యమ్ముటకే మొగ్గిరి. నేనును సమ్మతించితిని, ఆ మాటను దాచి చెప్పను. సంతకము చేయవలసిన నాటి యుదయమున, కుమారుని వసతిగృహమున చేర్చుటకై పుట్టపాక వైపునుండి వచ్చిన యొక తల్లి వసారాలో కూర్చుండియుండెను. ఆమె చూచుచుండగనే నలుగురు విద్యార్థులు కాగితములు చేతబట్టుకొని రాజమార్గముమీది ఇంటర్నెట్టు కేంద్రమునకు బయలుదేరిరి. ఆమె నన్ను చూచి, "అయ్యా, మెట్ల కింద గన్ని కంపూటర్లున్నయి గదా, పోరగాండ్లు పైసలిచ్చి బయటికెందుకు పోతున్నరు?" అని యడిగెను. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. సంతకము వాయిదా వేయించి, కార్యవర్గమును రెండు నెలల గడువు వేడుకొంటిని.

ఆ తల్లి ప్రశ్న చిన్నది కాదు. డిగ్రీ కళాశాలల ప్రవేశములు 2016 నుండి దోస్త్ అను పద్ధతిచే కంప్యూటరు మూలముననే జరుగుచున్నవి. ఉపకారవేతనమునకు ఈ-పాస్ దరఖాస్తు నింపవలయును. ప్రవేశపరీక్షల హాలుటిక్కెట్టు మొదలు ఫలితము వఱకు అన్నియు తెరమీదనే కనబడును. ఫోనున్న బాలుడు కొంత నెట్టుకొనివచ్చును గాని, వేలెడంత తెరమీద ఇరువది పుటల నివేదిక వ్రాయుట కంటికిని కష్టము, చేతికిని కష్టము. గంటకింత యని చెల్లించి పరులయింట కూర్చుండి నేర్చినవానికిని, తన గదిలో రాత్రి పదిగంటల వఱకు తప్పులు చేయుచు నేర్చినవానికిని భేదము గలదు. తప్పుచేయుటకు వలసిన తీఱిక పేదవిద్యార్థికి దొరకకపోవుటయే ఇచ్చటి లోటు.

ఆ యంత్రములు చచ్చినవని మనమేల తలంచితిమి? దీనిని తెలియుటకు కంప్యూటరు అనగానేమో మన మాటలలో చెప్పుకొనవలయును. మగ్గపు కఱ్ఱ యొకటి. దానిమీద పూవు దింపు విధానము వేఱొకటి. ఫ్రాన్సు దేశమున లియోన్ పట్టణవాసియగు జాకార్డు 1804లో అట్టల మగ్గమును వెలువరించెను. అట్టకు రంధ్రమున్నచోట కొక్కెము లేచును, లేనిచోట లేవదు. "ఉన్నది, లేదు" అను రెండు మాటలతోనే లతయు, హంసయు, దేవాలయ గోపురమును చీర అంచున దిగును. మగ్గము మాఱనక్కఱలేదు, అట్టలు మాఱిన పూవు మాఱును. ఇంగ్లండున చార్లెసు బాబేజి 1830 దశకమున తలపెట్టిన విశ్లేషణయంత్రమునకు ఈ అట్టల పద్ధతినే గ్రహించెను. 1890 నాటి అమెరికా జనసంఖ్య గణనమున హాలరితు చిల్లుల కార్డులతో లెక్కలు తేల్చెను. 1969లో మనుష్యులను చంద్రునిమీదికి కొనిపోయిన అపోలో నౌకలోని కంప్యూటరునకు ఆజ్ఞల నన్నింటిని అమెరికాలోని వాల్తాము పట్టణపు కర్మాగారమున స్త్రీలు రాగితీగతో చేతినేతగా నేసిరి. తీగ చిన్న అయస్కాంతపు టుంగరములోనుండి పోయిన ఒకటి, ప్రక్కనుండి పోయిన సున్న. ఆ సంవత్సరముననే మన హైదరాబాదునకు చెందిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను. ఆ సంస్థ 1967లో స్థాపితమైనది. దాని పేరుగల కూడలి మనకు ఉత్తరమున, బస్సెక్కిన చేరగల దూరముననే యున్నది. కావున సోదరులారా! ఈ యంత్రము మనకు పరాయిది కాదు. పడుగు పేకల లెక్క తెలిసినవాని మనుమలకు ఒకటి సున్నల లెక్క కొఱుకుడుపడని విద్య కాజాలదు.

కంప్యూటరునందు కఱ్ఱవంటిది హార్డువేరు, అట్టలవంటివి సాఫ్టువేరు. ఆ అట్టలన్నింటికిని పెద్ద యనదగినది ఆపరేటింగు సిస్టము. మీటను నొక్కినప్పుడు అక్షరము తెరమీదికి చేర్చుట, జ్ఞాపకశక్తిని పనులకు పంచియిచ్చుట, డిస్కుమీద దేని నెచ్చట దాచెనో లెక్కయుంచుట యను పనులన్నియు దానివే. మన గదిలోని యంత్రములు 2008 నుండి 2014 వఱకు కొన్నవి, కొన్ని దాతలిచ్చినవి. వానిలో నుండిన సిస్టములు పాతవి. మిక్కిలి వాడుకలోనుండిన విండోసు 10 అను సిస్టమునకు 2025 అక్టోబరు 14తో తయారీదారుల సాధారణ రక్షణ ముగిసినది. దాని తరువాతిదగు విండోసు 11, టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగమును, ఇంచుమించు 2018 నుండి వచ్చిన ప్రాసెసరును, కనీసము 4 జి.బి. జ్ఞాపకశక్తిని కోరును. అందుచే పనిచేయగల యంత్రములు సైతము చెల్లనివైనవి. ఇందు కంపెనీవారిని నిందింపను. వారి లెక్కలు వారివి. కఱ్ఱ చెడలేదు, అట్టలు మాత్రమే ఆగిపోయినవని మనము గ్రహింపవలయును.

అట్టలను వేఱొకరివద్ద తెచ్చుకొనవచ్చునా? తెచ్చుకొనవచ్చును. అమెరికాలో రిచర్డు స్టాల్మను 1983లో గ్నూ అను ఉద్యమము నారంభించెను. సాఫ్టువేరును కొన్నవాడు దానిని ఇష్టమైన పనికి వాడుకొనుటకును, లోపలి వ్రాతను చదివి తెలిసికొనుటకును, పొరుగువానికి పంచుటకును, మార్చి పంచుటకును స్వేచ్ఛ గలవాడై యుండవలెనని యతని వాదము. 1991లో ఫిన్లండు రాజధాని హెల్సింకియందు 21 ఏండ్ల విద్యార్థి లైనసు టార్వాల్డ్సు తన యింటి యంత్రముకొఱకు వ్రాసిన లినక్సు అను కేంద్రభాగమును లోకమునకు వెల్లడించెను. ఈ రెండును కలిసి పూర్తి సిస్టమైనది. 1993లో ఇయాను మర్డాకు స్థాపించిన డెబియను అను బృందము దానిని సిద్ధముచేసి నేటికిని ఉచితముగా పంచుచున్నది. మీ జేబులలోని ఆండ్రాయిడు ఫోనులకు గర్భమందున్నదియు లినక్సే. మన దేశమున ప్రభుత్వసంస్థయగు సి-డాక్ వారు డెబియను ఆధారముగా బాస్ అను సిస్టమును 2007లో విడుదల చేసిరి. కేరళ ప్రభుత్వపాఠశాలలలో బాలబాలికలు ఏండ్లతరబడి ఇట్టి స్వేచ్ఛాసాఫ్టువేరుతోనే చదువుకొనుచున్నారు. మన హైదరాబాదునందే స్వేచ్ఛ యను సంస్థవారు, విద్యార్థులను కూర్చుకొని, తెలుగుమాటలతో కనబడు లినక్సును రూపొందించిరి. కనుక మేము చేసినది క్రొత్త యద్భుతమేమియు కాదు. ఇతరులు వేసిన బాటమీద నడచితిమి.

ఇక పని యెట్లు జరిగినదో చెప్పెదను; మీ యూళ్లలో చేయగోరువారికి వరుస తెలిసియుండుట మంచిది. డిగ్రీ చదువు నలుగురు విద్యార్థులును, పాలిటెక్నిక్కు చదువు ఇద్దఱు బాలికలును నాతో చేరిరి. మొదట కప్పు విప్పి దుమ్ము దులిపితిమి. ప్రాసెసరుమీద నెండిపోయిన లేపనమును తుడిచి క్రొత్తది పూసితిమి. జ్ఞాపకపుపలకలను తీసి మొనలు తుడిచి మరల బిగించితిమి. ఇంతమాత్రముననే, చచ్చినవనుకొన్న వానిలో మూడు కన్నులు తెఱచినవి. రెండింటి పెద్దపలకలమీద కెపాసిటర్లు ఉబ్బి పగిలియుండెను, వానిని వదలుకొంటిమి.

తరువాత వేఱుపఱచుట. ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా యని చూడవలయును. ఇది ముఖ్యము, ఏలయనగా స్వేచ్ఛాసాఫ్టువేరువారును పాతవానిని కలకాలము మోయరు. టార్వాల్డ్సు మొదట వ్రాసిన 386 ప్రాసెసరునకే లినక్సునందు 2012లో తావు తొలగించిరి. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియను 13లో 32 బిట్ల యంత్రములకు స్థాపనసాధనమే లేదు. అట్టి యంత్రమునకు దాని ముందటి డెబియను 12 గాని, యాంటిఎక్సు వంటి తేలికపాటి కూర్పు గాని వేసికొనవలయును. మాయొద్ద 32 బిట్లవి మూడుండెను. జ్ఞాపకశక్తి 512 ఎం.బి. మాత్రమే. వానినుండి మంచి మీటలపలకలను, తీగలను, ఫాన్‌లను తీసికొంటిమి. మిగిలిన 14 యంత్రములు 64 బిట్లవి. వానిలో 6 యంత్రములకు జ్ఞాపకశక్తి చాలకుండెను. లినక్సు 1 జి.బి.తో లేచి కూర్చుండును గాని, నేటి వెబ్‌సైట్లను తెఱచు బ్రౌజరు 4 జి.బి. లేనిదే నడువనని మొరాయించును. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరునందు వాడిన పలకలను వెదకి కొంటిమి. డి.డి.ఆర్. 2 పలక డి.డి.ఆర్. 3 గాడిలో కూర్చుండదు. పాత పలకను చేతబట్టుకొని పోయి సరిచూచి కొనుట మేలు. తిరుగు పాత హార్డుడిస్కులకు మాఱుగా 128 జి.బి. ఎస్.ఎస్.డి.లను బిగించితిమి. పాతయంత్రమునకు చేయదగిన ఉపకారములలో ఇదియే మొదటిది. మూడు నిమిషములకు లేచు యంత్రము అరనిమిషమునకు లేచినది.

మొత్తము వ్యయమును సభవారికి లెక్కచెప్పుట నా ధర్మము. ఎస్.ఎస్.డి.లు 14కు 18,200 రూపాయలు. జ్ఞాపకపుపలకలు ఆఱింటికి 2,400. బొత్తాము బ్యాటరీలు 14కు 420. లేపనము, చిల్లర 380. వెరసి 21,400 రూపాయలు. సాఫ్టువేరునకు ఒక్క పైసయు లేదు.

స్థాపనవిధానము కఠినము కాదు. డెబియను వారి స్థలమునుండి సిస్టము ప్రతిని దింపుకొని, దింపుకొన్నది చెడకుండ వచ్చినదా యని వారు ప్రకటించిన గుర్తుసంఖ్యతో పోల్చి, పెన్‌డ్రైవుమీదికి ఎక్కింపవలయును. యంత్రమును వెలిగించిన వెంటనే ఎఫ్12 గాని, ఎఫ్2 గాని, డిలీటు గాని మీటను నొక్కి, పెన్‌డ్రైవునుండి లేవుమని యాజ్ఞాపింపవలయును. డిస్కును ముట్టకుండ, పెన్‌డ్రైవునుండియే సిస్టమును నడపి చూచు సౌకర్యమొకటి గలదు. తెర, శబ్దము, వైఫై, ప్రింటరు పనిచేయునా యని ముందుగా ఇట్లు పరీక్షించితిమి. పూర్వము డెబియనులో వైఫైకి వలసిన చిన్న సాఫ్టువేరును విడిగా వెదకుకొనవలసివచ్చెడిది. 2023లో వచ్చిన డెబియను 12 నుండి అదియును ప్రతిలోనే చేరియున్నది. ముంగిలి అలంకరణకు ఎక్సెఫ్‌సీఈ అను తేలికపాటి పద్ధతిని ఎన్నుకొంటిమి. భాషల పట్టికలో తెలుగును, మీటల పట్టికలో తెలుగు ఇన్‌స్క్రిప్టును చేర్చితిమి. యూనికోడునందు 1991 నుండియు తెలుగునకు తన స్థానమున్నది. కావున తెలుగుచదువునకు వేఱుగా ఏ సాఫ్టువేరును కొనవలసిన పని లేకపోయెను.

ఇచ్చట నా యపరాధమొకటి చెప్పుకొనవలసియున్నది. మొదటి రెండు యంత్రములు సులభముగా పూర్తియగుటచే నాకు తొందర పుట్టినది. మూడవదానిలో, లోపల నేమున్నదో చూడకయే, "డిస్కునంతయు తుడిచివేయుము" అను మాటమీద నొక్కితిని. మఱునాడు తెలిసినది: మన వసతిగృహమున చదివి వెళ్లిన పూర్వవిద్యార్థుల పేరులు, ఊళ్లు, వృత్తులు గల పట్టిక, పూర్వపు గుమాస్తా యేండ్లతరబడి కూర్చినది, ఆ డిస్కుమీదనే యుండెను. దానికి వేఱు నకలు లేదు. ఆయన నేడు జీవించి లేడు. తుడిచినదానిమీద క్రొత్తది వ్రాయబడినందున వెదకినను కొన్ని తునుకలే దొరకినవి. కాగితపు రిజిస్టర్లనుండి బాలికలిద్దఱు వేసవి యంతయు కూర్చుండి తిరిగి టైపుచేసిరి. అయినను చెదలు తిన్న పుటలలోని పేరులు పోయినవి. క్రొత్త సిస్టము వేయువారందఱికి నా యనుభవమునుండి యొక్కటే మాట: మొదటి పని తుడుచుట కాదు, నకలు తీయుట. అదియు రెండుచోట్ల దాచుట. ఈ సంచికను చదువు పూర్వవిద్యార్థులందఱు తమ పేరును, చదివిన సంవత్సరములను వసతిగృహమునకు వ్రాసి పంపుడని చేతులు జోడించి వేడుచున్నాను.

దీనికి విపర్యయమగు ప్రమాదము వేఱొకటి. దాతలిచ్చిన యొక యంత్రములో ఇంటిపత్రముల నకళ్లు, బ్యాంకు కాగితములు, కుటుంబ ఛాయాచిత్రములు చెక్కుచెదరక యున్నవి. దాత వానిని తొలగించితిననియే తలంచెను. చెత్తబుట్టలో వేసినంతమాత్రమున డిస్కుమీది వ్రాత పోదు. పుస్తకపు విషయసూచికలో పేరు కొట్టివేసినట్లే యగును, పుట యట్లే యుండును. మేము వానిని దాతకు పెన్‌డ్రైవులో నొసగి, ఆయన యెదుటనే డిస్కును పూర్తిగా తుడిచితిమి. అదే యంత్రము పాత యినుము తూకమునకు పోయియుండిన, ఆ పత్రములెవరి చేతబడియుండునో యూహింపుడు.

మఱియొక ముచ్చట. 9 యంత్రములు పూర్తియైన దినమున, ఒకదానిలో ఏ వెబ్‌సైటును తెఱచుకొనకుండెను. "ఈ స్థలము సురక్షితము కాదు" అను హెచ్చరికయే ప్రతిసారి వచ్చుచుండెను. సిస్టమును రెండుమాఱులు తిరిగి వేసితిమి, తీగలు మార్చితిమి. అర్ధరాత్రి యైనది. పాలిటెక్నిక్కు బాలికయొకతె తెరమూలను చూపి, "సార్, ఇందులో 2009 జనవరి ఒకటో తారీఖు ఉన్నది" అనెను. పెద్దపలకమీద రూపాయిబిళ్లయంత బ్యాటరీ, సి.ఆర్. 2032 అను పేరుగలది, ఏనాడో నీరసించినది. అందుచే యంత్రము ఆపివేసినప్పుడెల్ల గడియారము పుట్టిననాటికి పోవుచుండెను. వెబ్‌సైటులు తమ యోగ్యతాపత్రమును చూపును. ఆ పత్రమునకు ఫలానా తేదీనుండి ఫలానా తేదీవఱకు చెల్లుబాటు. 2009లో నున్నానని నమ్మిన యంత్రమునకు నేటి పత్రములన్నియు ఇంకను పుట్టనివే! పంచాంగము తప్పిన ముహూర్తము తప్పినట్లైనది. 30 రూపాయల బ్యాటరీతో వ్యాధి కుదిరినది. ఆ రాత్రి నేర్చినది ఏ పుస్తకమందైనను ఉండవచ్చును గాని, ఆ బాలిక దాని నిక మఱువదు.

ఇందలి లోపములను దాచుట న్యాయము కాదు. మన సంఘపు జమాఖర్చు ట్యాలీలో నున్నది. అది విండోసుమీదనే నడచును. మన పత్రికలకును ఆహ్వానపత్రములకును ముద్రాపకులు పేజ్‌మేకరును, అను ఫాంట్లను వాడుదురు. ఆ ఫాంట్లలో కూర్చిన వ్రాత యూనికోడు కానందున లినక్సులో తెఱచిన పిచ్చియక్షరములు కనబడును. కావున కార్యాలయపు యంత్రమును మేము ముట్టలేదు. కొన్ని పాత ప్రింటర్లకు లినక్సులో తగిన సాఫ్టువేరు దొరకలేదు. పెద్ద చలనచిత్రపు కూర్పులును, ఆటలును ఈ యంత్రములవలన కావు. నివేదికలు వ్రాయుటకు లిబ్రెఆఫీసు, వెబ్‌సైట్లకు ఫైర్‌ఫాక్సు, ప్రోగ్రాములు వ్రాయుటకు పైథాను, సి భాషలు: ఇవి నిరాటంకముగా నడచుచున్నవి. విద్యార్థికి కావలసినది చాలవఱకు ఇదియే.

పోషకులలో నొకరు నాతో, "పాతబట్టలు పంచినట్లు పేదపిల్లలకు పాతయంత్రములిచ్చుట మన సంఘమునకు గౌరవమా?" అని యడిగిరి. ఆ మాటయందు పిల్లలయెడ ప్రేమ యున్నది. కావున తేలికగా తీసివేయను. క్రొత్త యంత్రములిచ్చు దాత లభించిన, పదింటి నిమ్మనియే నేనును కోరెదను. కాని ఇచ్చట విద్యార్థికి లభించినది వస్తువు మాత్రమే కాదు. క్రొత్తదానిని మూఁత విప్పుటకు ఎవ్వరును సాహసింపరు; పాతదానిని విప్పి, చెఱచి, బాగుచేసి, అందలి ప్రతి భాగమునకు పేరును పనియు తెలిసికొనిరి. ఉద్యోగమున విండోసే యడుగుదురుగదా యని మఱొకరి శంక. అదియు నేర్పవలసినదే. అయినను లోకమందలి వెబ్‌సైట్లను మోయు పెద్ద సర్వర్లలో మిక్కిలి భాగము లినక్సుతోనే నడచుచున్నవి. మన విద్యార్థులు చేరగోరు మాదాపురము కంపెనీలకు ఆ విద్య యక్కఱయే.

నేతకుటుంబమున జన్మించిన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారిని మీరందఱెఱుగుదురు. చీరకు ఆసుపోయుటలో తల్లి భుజములు నొచ్చుట చూచి, కళాశాలకు పోని యాతడు ఏండ్లతరబడి విప్పుచు బిగించుచు 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసెను. 2017లో పద్మశ్రీ పొందెను. ఆ పనియు ఒక తల్లి బాధతోనే మొదలైనది. విప్పుటకు వెఱవనివాడే క్రొత్తదానిని చేయగలడు.

పనికిరానివానిని గుఱించి యొకమాట. పలకలలో సీసము, కొన్ని తెరలలో పాదరసము ఉండును. తీగలను కాల్చి రాగి తీయు చోట్ల ఆ పొగ పీల్చువారు పేదలే. 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన సంస్థలకే వానిని అప్పగింపవలయును. మా రెండు మృతయంత్రములును, మిగిలిన తునుకలును అట్లే పంపితిమి.

ఈ యూరు గోల్కొండ సుల్తానుల కుటుంబమునకు చెందిన హయాత్ బక్షీ బేగము పేరున వెలసినది. 17వ శతాబ్దపు మసీదును, దాని చేరువనున్న ఏనుగుబావియను పెద్ద బావియును మీరెఱుగుదురు. పూర్వులు బావికి పాతదనము దోషముగా నెంచలేదు. నీరు తగ్గిన పూడిక తీసిరేగాని బావిని పూడ్చలేదు. మన మూలపురుషుడగు మార్కండేయుడు పదునాఱేండ్ల యాయువే వ్రాసియున్నను యమపాశమును తప్పించుకొన్నవాడు. ఆయన సంతతివారమని చెప్పుకొను మనము, ఇంకను పనిచేయగల యంత్రమును యమునికప్పగించుటకు తొందరపడనేల?

కావున సభవారి ముందు మూడు ప్రార్థనలుంచుచున్నాను. మొదటిది: మన కులబాంధవుల యిండ్లలోను, దుకాణములలోను, కార్యాలయములలోను మూలబడిన కంప్యూటర్లను అమ్మకముందు వసతిగృహమునకు తెలుపవలయును, లోపలి కాగితములను దాతకొసగి, దాత యెదుటనే డిస్కును తుడుచుట మా పూచీ. రెండవది: ప్రతిమాసము రెండవ ఆదివారమున ఆ మెట్లక్రింది గదిని కర్మశాలగా తెఱచియుంచుటకు అనుమతింపవలయును, బాలికలకును అందు సమానప్రవేశముండవలయును. మూడవది: బాగుచేసిన యంత్రములలో కొన్నింటిని పుట్టపాక, పోచంపల్లి, కొయ్యలగూడెము వంటి నేతగ్రామముల పాఠశాలవిద్యార్థులకు పంపుటకు వలయు ఎస్.ఎస్.డి.ల వ్యయమును పోషకులు వహింపవలయును. ఒక్క యంత్రమునకు సగటున 1,530 రూపాయలు మించలేదని లెక్క చెప్పియే యున్నాను.

నాడు ప్రశ్నించిన తల్లి ఈ మధ్య దసరాకు కుమారుని తీసికొనిపోవ వచ్చెను. ఆ బాలుడు ఆమెను గదిలోనికి కొనిపోయి, తెరమీద తన పేరును తెలుగున వ్రాసి చూపెను. ఆమె చదువుకొన్నది కాదు. తెరను చేతితో తుడిచి, "మంచిగ కనవడుతున్నది బిడ్డా" అనెను. కార్యవర్గమున అమ్మకపు కాగితము నేటికిని సంతకము లేకయే యున్నది.

భావనాఋషి యనుగ్రహమున మన సంఘమునకు ఆయురారోగ్యైశ్వర్యములు కలుగుగాక!